చెల్లికి పడదన్న మందు

ఎనిమిదేళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. ప్రార్థనలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా దింపలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. జాలిపడకండి. నా మీద నాకే ఒళ్లు మండిపోతోంది.

అప్పట్లో మా చెల్లికి గర్భసంచి తీసేయాలన్నారు. మరిది స్టీలు ప్లాంటులో డ్యూటీలో ఉన్నాడు. ఆసుపత్రిలో నేనే తోడున్నాను. మత్తు డాక్టరు, భిలాయ్‌లోనే పుట్టిన తెలుగు పిల్ల, వార్డు గుమ్మంలో నాకు ఎదురైంది.

"ఆంటీ, వెన్నులో ఇచ్చే మత్తుమందులోనే కొంచెం మార్ఫిన్ కలుపుతాం. తిమ్మిరి సాయంత్రానికి దిగిపోద్ది గానీ, ఇది రేపటిదాకా నొప్పిని ఆపుతుంది. దురద, వాంతులు రావచ్చు. ఊపిరి మేం చూస్తుంటాం. ముందు దీదీని, అదే మీ చెల్లిని, అడగాలి."

"మార్ఫినంటే నల్లమందు జాతే కదమ్మా?"

"అవునాంటీ. కానీ ఆవగింజంత కూడా కాదు. నషా ఏటీ ఎక్కదులెండి," అని నవ్వింది.

నేనే అడిగొస్తానన్నాను. లోపలికి వెళ్లి, చెల్లి దుప్పటి సర్ది, ఏమీ అడక్కుండా తిరిగొచ్చాను.

"వద్దంటోందమ్మా."

"పక్కానా?"

"పక్కా."

ఎందుకు చేశాను? మా చర్చి సంఘంలో స్త్రీల కూడిక నడిపేదాన్ని. సిలువ దగ్గర మత్తు కలిపిన ద్రాక్షారసం ఇవ్వబోతే ప్రభువు పుచ్చుకోలేదని ఆ ముందు ఆదివారమే బోధించాను. ఆయన వద్దన్నది తనకు. ఇంకొకరి నోటి దగ్గర నుంచి గిన్నె లాగేయమని ఆయన ఎప్పుడు చెప్పాడు? దారిలో పడి ఉన్నవాడి గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టిన మనిషి గురించి ప్రభువే చెప్పిన కథ నాకు కంఠతా వచ్చు. ఆ రోజు అది గుర్తు రాలేదా? వచ్చింది. కానీ కూడికలో నిలబడి చెప్పుకోడానికి నాకొక సాక్ష్యం కావాలి. అంతే.

సాయంత్రం తిమ్మిరి దిగింది. నర్సు వేరే ఇంజెక్షన్ ఇచ్చింది గానీ చాల్లేదు. చెల్లి మంచం కమ్మీ పట్టుకుని వణికిపోయింది.

"అక్కా, పేగులు తోడేస్తన్నట్టుందే. పక్కమంచం ఆవిడకీ ఇదే ఆపరేషన్ కదా, టీ తాగి కబుర్లాడతంది. నాకేటే ఇలాగ?"

"ఆవిడకిచ్చిన మార్ఫిన్ మందు నీ ఒంటికి పడదంట. డాక్టరమ్మే వద్దంది. ప్రార్థన చేసుకో."

"నా ఒళ్లే దరిద్రపు ఒళ్లు," అంది.

రెండు వారాల తర్వాత, సెక్టర్ 4లో మా కూడికలో నిలబడి, మత్తు లేకుండా నా చెల్లి ప్రార్థనతోనే భరించిందని చెప్పాను. స్తోత్రం, స్తోత్రం అన్నారందరూ. పొట్టకు దిండు అదుముకుని చెల్లి కూడా అంది. ఆ రోజు నాకు నోరెలా పెగిలింది?

ఇప్పుడు ఆ కుట్టు దగ్గరే హెర్నియా వచ్చింది. మళ్లీ కోయాలి. నిన్న ఆసుపత్రిలో ఫారం ఇచ్చారు. పడని మందులేమిటన్న చోట చెల్లి గబగబా మార్ఫిన్ అని రాసేసింది. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే ఆ ఫారం లోపలికి వెళ్లిపోయేది. ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. అంతా చెప్పాను, పక్కన జనం వింటున్నా.

ఆమె ఏడవలేదు. ఆ మాటను నాలుగుసార్లు కొట్టేసింది, కాగితం చిరిగేంత గట్టిగా.

"ఎనిమిదేళ్లు నా ఒంటిని తిట్టుకున్నానే. నువ్వు బయట కూకో. డాక్టరుతో నేనే మాటాడతాను."

వెళ్లి బయట బెంచీ మీద కూర్చున్నాను. క్షమించమని అడగలేదు, అడిగే ముఖం లేదు. గుండె మాత్రం తేలికైంది. ఆ తేలిక మీద కూడా నాకు కోపంగానే ఉంది.