షాఫ్టు గేటు దగ్గర

సోడా సీసాలో గోళీ దిగి బుస్సుమంటే చాలు, ఆ ఘాటు ముక్కుకు తగిలితే చాలు, నాకు విక్టర్ సార్ గుర్తొస్తారు. ఉద్యోగంలో నా మొదటి ఆఫీసరు ఆయనే. గనులు మూతపడి చాలా ఏళ్లయ్యాక కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఫ్యాక్టరీ పొగలోని కార్బన్ డయాక్సైడును పట్టి అక్కడి భూమిలో దాచవచ్చా అని రాళ్లు పరీక్షించడం మా పని. మాది సుగటూరు, సేద్యం చేసుకునే ఇల్లు. గనుల గురించి వినడమే తప్ప చూసింది లేదు. చేరిన రోజే సార్ బజారులో సోడా కొట్టించి నా చేతికిచ్చారు.

"ఇదేనమ్మా మన సరుకు. నీళ్లలో కలిపి లోతుకు పంపిస్తే, ఈ నల్లరాయి దాన్ని తాగి రాయిగా మార్చేస్తాది. ఇంగ పైకి రాదు."

"వస్తే, సార్?"

"ఏందమ్మా, మొదటి దినమే అపశకునం మాట్లాడతావు!" అని పగలబడి నవ్వారు.

ఆయన గని కార్మికుడి కొడుకు. తండ్రి గనిలోనే పోయారు. ఊళ్లో పడుచువాళ్లంతా తెల్లారకముందే బెంగళూరు రైలెక్కడం చూస్తే ఆయనకు కడుపు తరుక్కుపోయేది. "మళ్లా ఈ ఊర్లోనే పని పుట్టాలమ్మా" అనేవారు. రాయిని చూడటం నాకు నేర్పింది ఆయనే. తప్పు చెప్పినా కసిరేవారు కాదు. "మళ్లా చూడు, రాయి యాడికీ పోదు" అనేవారు. సార్ వీధివాళ్లు ఒప్పుకుంటే అక్కడే వాయువును లోతుకు పంపే ప్రయోగం మొదలుపెట్టవచ్చని కంపెనీ చెప్పింది. ఆయన ఇల్లిల్లూ తిరిగి అందరినీ సభకు పిలిచారు.

సభ రోజు మధ్యాహ్నం వాళ్లింట్లోనే భోజనం. తాగిన గ్లాసు గూట్లో పెట్టబోతే వాళ్లమ్మ మేరమ్మగారు చటుక్కున లాక్కుని నేలమీద పెట్టారు. "పైన పెట్టొద్దమ్మా, ఏర్ బ్లాస్టు వస్తే పడతాది." లోతున రాయి పగిలి నేల అదరడాన్ని అక్కడ అలా అంటారు. గనులు మూసినా ఆ అదురు ఆగలేదట. ఇల్లంతా చూశాను, ఒక్క గిన్నె కూడా పైన లేదు.

సాయంత్రం చర్చి ముందు సభ. కంపెనీ పెద్దలూ వచ్చారు. సార్ చెబుతుంటే అందరూ తలలూపుతున్నారు. ఉన్నట్టుండి కాళ్ల కింద దడ్‌మంది. నేను కెవ్వుమన్నాను. కానీ నన్ను నిజంగా హడలగొట్టింది ఆ అదురు కాదు. ముసలి ఆడవాళ్లంతా లేచి, ఒకప్పుడు మనుషులు గనిలోకి దిగిన పాత షాఫ్టు వైపు పరుగెత్తారు! అందరికన్నా ముందు మేరమ్మగారు, కాళ్లకు చెప్పుల్లేకుండా. తుప్పుపట్టిన గేటు ఊచలు పట్టుకుని అరుస్తున్నారు.

"ఎవురికప్పా తగిలింది? పేర్లు చెప్పండప్పా!"

దేవుడా, ఆ గేటు వెనక మనిషనేవాడు లేక ఎన్నేళ్లయింది!

సార్ వెళ్లి ఆమె భుజం పట్టుకున్నారు. "అమ్మా, లోపల ఎవురూ లేరమ్మా. గని మూసేసినారు కదా."

ఆమె ఊచలు వదిలి ఆయన వైపు తిరిగారు. "లేరా? మరి నువ్వు పంపిస్తానంటివే, అది రాయి పగిలి బయటికొస్తే ఈడ ఎవురు నిలబడతారు నాయనా? మళ్లా మేమేనా?"

సార్ ఆమెను ఇంట్లో దించి వచ్చి, కంపెనీ పెద్దలతో అందరి ముందూ అనేశారు. "ఈడ వద్దు సార్. కింద రాయి ఇంకా పగలతానే ఉండాది. ఆ వాయువు బరువు, పైకొస్తే మా పల్లపు ఇండ్లలోనే నిలబడతాది." ఆ మాటతో ఆయన ఉద్యోగం పోయింది, ఊళ్లో పని పుడుతుందన్న ఆశా పోయింది. "ఎందుకలా అనేశారు సార్?" అని ఏడ్చేశాను.

"మాయమ్మ అడిగినదానికి నీ దగ్గర జవాబుంటే చెప్పమ్మా, ఇప్పుడే పోయి మాట మార్చుకుంటాను" అన్నారు.

సార్ ఇప్పుడు లేరు. నేను వేరే చోట, అదే వాయువును భూమిలోకి పంపే బావికి అధికారిని. ఇక్కడి రాయి అదరదు, అన్ని పరీక్షలకూ నిలిచింది. అయినా బావి పక్కనే క్వార్టర్సు కావాలని పట్టుబట్టి తీసుకున్నాను. మొన్న ఎక్కడో లారీ టైరు ఢామ్మని పేలింది. అందరూ మెయిన్ రోడ్డు వైపు పరుగెత్తారు. నాకు తెలివొచ్చేసరికి బావి గేటు ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాను, కాళ్లకు చెప్పుల్లేవు.