నిజం చెప్పమన్నది నేనే

మొన్న బ్యాంకు వాళ్ళు ఫోనుకు ఏవో ప్రశ్నలు పంపి, ఒప్పుకుంటారా లేదా అంటూ గళ్ళు నింపమంటే, అందరిలాగే నేనూ వాళ్ళకు నచ్చేటట్టు నింపి పంపించాను. పంపాక మాత్రం, కరీంనగర్‌లో సైకాలజీ లెక్చరరుగా చేరిన కొత్తలో అట్లాంటి కాగితాల కట్ట చంకన పెట్టుకుని ఒక జైలుకు వెళ్ళిన రోజులు గుర్తొచ్చి ఆ పూటంతా మనసు బాగాలేకపోయింది.

మా డిపార్టుమెంటు పెద్దసారు పరిశోధన అది. చట్టమంటే ఖైదీలకు ఎంత వ్యతిరేకత ఉందో, తప్పుడు పనులను మనసులో ఎంతవరకు సమర్థించుకుంటారో వాళ్ళ జవాబులతోనే కొలవాలి. చదువు రానివాళ్ళకు నేను చదివి వినిపించి టిక్కు పెట్టాలి. థర్మామీటరు పెడితే జ్వరం తెలిసినట్టు మనిషి తెలిసిపోతాడనుకునేంత అమాయకత్వం నాది. జైల్లో పాతబడ్డవాళ్ళకు ఏ ప్రశ్నకు ఏ జవాబు మంచిదో నాకంటే బాగా తెలుసు, పోలీసులంటే గౌరవమా అంటే చేతులు జోడించి మరీ ఒప్పుకునేవారు.

ఇచ్చోడ వైపు పత్తి రైతు ఒకతను, గట్టు తగాదాలో మనిషిని కొట్టి వచ్చిన బామ్మర్దిని ఇంట్లో దాచినందుకు శిక్ష పడినవాడు, అతనొక్కడే ప్రతి ప్రశ్నకూ ఆలోచించి జవాబు చెప్పాడు. ఈ కాగితాలు ఎవరికీ చూపించం, ఉన్నదున్నట్టు చెప్పమని నేనే మాటిచ్చాను. ఆపదలో వచ్చిన మన మనిషిని పోలీసులకు పట్టించాలా అని అడిగితే, "ఇంటికొచ్చినోనికి బువ్వ పెట్టినంక ఎట్ల పట్టిస్తం సార్, మల్ల అడిగినా గదే చెప్త" అన్నాడు. టిక్కు పెట్టాను. చివరికి లెక్క వేస్తే అందరిలోకీ చెడ్డవాడు అతనే అని తేలింది.

మంచం పట్టిన తండ్రిని, వాళ్ళ బాపును, చూసిరావడానికి అతను పెరోల్ అడిగి ఉన్నాడని నాకు తర్వాత తెలిసింది. జైలు అధికారులు అడగ్గానే మా పెద్దసారు కాగితాలు ఇచ్చేశారు, పెరోల్ రాలేదు. అతను చెడ్డవాడు కాదండీ, అబద్ధం చెప్పలేకపోయాడంతే అని ఆఫీసుల చుట్టూ తిరిగి మొత్తుకుంటే, అది రాయడానికి ఫారంలో చోటు లేదన్నారు. బాపు పోయాక వెళ్ళి కలిశాను. "మీరు నిజం చెప్పుమన్నరు, చెప్పిన. మీదేం తప్పు లేదు సార్" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు కొన్నిచోట్ల ఖైదీలనే కంప్యూటరు ముందు కూర్చోబెడుతున్నారట, లెక్క కూడా అదే వేస్తుందట, ఎవరూ ఎవరికీ మాటివ్వనక్కరలేదట. మోసపోయినవాడు తలుచుకుని తిట్టుకోవడానికైనా ఒక మొహం ఉండదిక. అతనికి నా మొహం ఉంది. ఎప్పుడో ఒకప్పుడు నన్ను కసితీరా తిట్టుకునే ఉంటాడని ఈ వయసులో నా ఆశ.