జాకెట్ల కొలతల పుస్తకంలో సూడిమేక

నా జాకెట్ల కొలతల పుస్తకంలో ఒక పేజీ మేకది. ఛాతీ ఉంటుంది, నడుము ఉంటుంది, చేతుల పొడవు ఉండదు. కొత్తగా వచ్చిన ఆడవాళ్ళు తమ పేజీ కోసం తిప్పుతూ దాని దగ్గర ఆగిపోయి, "ఎవరిదమ్మా ఈ నడుము, నలభై రెండా!" అని నోరు తెరుస్తారు. ఇక నన్ను పట్టేవాళ్ళు ఉండరు. మిషన్ ఆపేసి కథ మొదటి నుంచి చెప్తాను. జాకెట్ ఆలస్యమైతే అది వాళ్ళ ఖర్మ.

మద్రాసు తిరువొత్తియూరులో, సముద్రం దగ్గర, మా పెరటి గోడకు అవతల ఒక అవ్వ ఉంటుంది. మాకు చుట్టం కాదు. వాళ్ళ వంశం ఈ ఊరికి ఎప్పుడొచ్చిందో వాళ్ళకే తెలియదు. "మా తాతకు తాత ఈడనే పుట్టినాడంట, అప్పురం ఇంకేమడుగుతావు" అంటుంది, అరవం కలిసిన తెలుగులో. పైన ఒక గది, కింద పెరడు, పెరట్లో పాలమేక. కమ్మల్లా చెవులు వేలాడేసుకుని, ముక్కు పైకెత్తి, ఈ వీధంతా తన పేరునే రాసిచ్చినట్టు చూసే మేక అది. అవ్వకు అదే లోకం.

అవ్వకు రెండు కళ్ళలోనూ పొరలు. ఒకరోజు మెట్టు ఉందనుకుని గాలిలో కాలు పెట్టి నా కళ్ళముందే దొర్లింది. ఎముక విరగలేదు గానీ నా ప్రాణం పోయినంత పనైంది. మైలాపూరులో ఉండే కూతురు ఆపరేషన్ చేయిద్దామని రెండేళ్ళుగా మొత్తుకుంటోంది. అవ్వ వింటేనా!

"నేను నల్లద్దాలు పెట్టుకోని పడుకుంటే దీన్ని ఎవురు చూస్తారు? అదీ సూడిమేక. నెలలు నిండతా ఉండాది."

"నేను చూస్తానవ్వా!" అన్నాను.

"నువ్వా? నీకేం తెలుసు పాపా మేక సంగతి?"

"మాది కర్నూలు వైపు. మా తాత మంద మేపినాడు. నేను మేకల నడమనే పెరిగినా!"

ఇందులో సగం నిజం. తాత మేపింది నిజం. నేను చేసిందల్లా పిల్లలతో సమానంగా గెంతడం, తాత చేత తిట్లు తినడం. అయినా నోరు నాది కదా, ఆగదు.

అవ్వ మేక వీపు నిమిరి, "సరి. ఇప్పుడు ఒక కన్ను చేయించుకుంటా. మేక బాగుంటే రెండో కన్ను. దానికేమన్నా అయిందంటే మాత్రం, ఒక కంటితోనే పోతా నేను. మళ్ళా నన్ను అడగబాకండి" అంది. కూతురు నా రెండు చేతులూ పట్టుకుంది. అవ్వ రెండో కన్ను ఆ క్షణం నుంచి నా నెత్తి మీద కూర్చుంది.

అవ్వ ఆపరేషన్ కోసం కూతురింటికి వెళ్ళిన మొదటి రోజే దొడ్డిలోకి హుషారుగా వెళ్ళాను. టేపు ఎలాగూ నా మెడలోనే ఉంటుంది. ఊరికే సరదాకి మేక ముందుకాళ్ళ వెనక నుంచి చుట్టూ కొలిచాను. ఛాతీ ముప్పై రెండు. పొట్ట నలభై. ఆదివారం ఆదివారం కొలుద్దామని పుస్తకంలో రాసుకున్నాను. మా ఆయన చూసి, "మేకకు జాకెట్టా, లైనింగు కూడానా?" అన్నాడు. నవ్వుకోనీ అనుకున్నాను.

అవ్వ దొడ్డి చూస్తే నాకు జాలేసింది. కప్పు కొబ్బరాకులది. నేల మీద మోకాలెత్తున తాటిచెక్కలు సందులు వదిలి పరిచారు. మేక దానిమీద నిలబడుతుంది, పెంటికలు సందుల్లోంచి కిందికి రాలిపోతాయి. తూర్పు వైపు అసలు గోడే లేదు. ఇంతలో రోళ్ళు పగిలే కత్తిరి ఎండలు మొదలయ్యాయి. నిండు సూడితో ఉన్న ప్రాణి, వడగాలి నేరుగా కొడితే ఏం కాను?

మా ఊళ్ళో ఎండాకాలం కిటికీలకు గోనెలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళం. ఆ గోనెల్లోంచి వచ్చే గాలి ఎంత హాయో! అంతే, పన్నెండు గోనెసంచులు తెచ్చి, లావు సూది వేసి, మిషన్ మీద రెండు రోజులు కుట్టాను. దొడ్డికి నాలుగు పక్కలా, కప్పు నుంచి నేల దాకా తెర. అంచులు మడిచి డబుల్ కుట్టు కూడా వేశాను. రోజుకు మూడుసార్లు బిందెలతో తడిపాను. అది చూసి నేనే మురిసిపోయాను.

మేతలోనూ తగ్గలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకు దానికీ పెద్ద పండగ. ఎండిన వేరుశనగ కట్టె ఒక మోపు, పైన తవుడు. మా తాత మేకలు అదే తిని గుండ్రాళ్ళలా ఉండేవి. అవ్వ అవిశాకు కట్ట వేయమని చెప్పింది గానీ, ఆ నాలుగు ఆకులతో కడుపులో పిల్లలకేం నిండుతుందని నేను పట్టించుకోలేదు.

అవ్వ ఆపరేషన్ చేయించుకుని వచ్చింది. వంగకూడదు, దుమ్ములోకి రాకూడదు, తలకు పోసుకోకూడదు. నల్లద్దాలతో పై కిటికీలో కూర్చుని, దొడ్డి కప్పు తప్ప ఏమీ కనబడకపోయినా, అక్కడి నుంచే రాజ్యం చేసేది.

"పాపా! నెమరేస్తా ఉండాదా?"

"వేస్తోందవ్వా!"

"కడలి గాలి ఒచ్చిందా?"

"వచ్చిందవ్వా!"

రోజూ మధ్యాహ్నం అదే అడిగేది, సముద్రం గాలి తిరిగిందా అని. కిటికీలో తనకు ఉక్కగా ఉందేమో, అందుకే అడుగుతోంది అనుకున్నాను. చూడండి నా తెలివి!

రెండో ఆదివారం టేపు పెడితే ఛాతీ ముప్పై ఒకటిన్నర. పొట్ట నలభై ఒకటి. టేపు సరిగా పట్టలేదేమో అనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా టేపు పట్టేదాన్ని, నాకు నేనే అలా చెప్పుకున్నాను. మూడో ఆదివారం ఛాతీ ముప్పైన్నర, పొట్ట నలభై రెండు. చెయ్యి పెడితే వెన్నుపూసలు ఒక్కొక్కటే తగిలాయి. పొట్ట పెరుగుతోంది, మేక తరుగుతోంది. మేత వేసింది వేసినట్టే ఉంది. నోరు తెరిచి ఎగరొప్పుతోంది, చొంగ కారుతోంది. పడుకోదు. తెర సందులో ముక్కు దూర్చి నిలబడి ఉంటుంది.

ఎండ దెబ్బే అనుకున్నాను. ఇంకో రెండు బిందెలు ఎక్కువ పోశాను.

"ఎట్లుండాది పాపా?" పైనుంచి అవ్వ.

"బాగుండాదవ్వా!" అని కిటికీ కిందే నిలబడి అరిచాను.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళేసరికి మేక కూలబడి ఉంది. లేపితే లేవలేదు. నోటి దగ్గర మొహం పెడితే మాగిన పండు వాసన. పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఏడుస్తూ ఏం చెప్పానో నాకే తెలియదు. నా ఏడుపు విని అవ్వ మెట్లు దిగి వచ్చేసింది! నల్లద్దాలతో, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ తడుముకుంటూ.

"అవ్వా, రావద్దు! కన్ను! కన్నవ్వా!"

"కన్ను ఆడ ఉంటే ఉండాది, పోతే పోతాది. జరుగు!"

తెర పక్కకు తోసి లోపలికి చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి అలాగే ఉంచింది. ఆమె మొహం మారిపోయింది.

"ఇది కొట్టమా, ఇడ్లీలు ఉడకబెట్టే గుండానా? ఎవురు మే ఈ గోనెలు కట్టింది?"

"నేనే అవ్వా. చల్లగా ఉంటుందని..."

"చల్లగానా! ఈ ఊర్లో గాలే తడిగా ఉండాదే, నువ్వు ఇంకా నీళ్ళు పోస్తివా! ఒచ్చే గాలిని కూడా మూసేస్తివా! దానికి ఊపిరి ఏడనించి ఒస్తాది?"

అప్పుడు వెలిగింది నాకు. మా కర్నూలు గాలి ఎండు గాలి, గోనెలో తడిని తాగేసి చల్లబడుతుంది. ఇక్కడ గాలికి దాహమే లేదు. పొద్దున ఆరేసిన లైనింగు గుడ్డ సాయంత్రానికీ చెమ్మగానే ఉంటుందని పదేళ్ళుగా నేనే తిట్టుకుంటున్నాను. ఆ ముక్క మేక దగ్గర గుర్తురాలేదు. తూర్పున గోడ లేనిది పేదరికం వల్ల కాదు, సముద్రం గాలి కోసం. చెక్కల కింద సందులు పెంటికల కోసమే కాదు, కింద నుంచి గాలి ఆడడం కోసం. నేను ఆ రెంటినీ డబుల్ కుట్టు వేసి మరీ మూసేశాను.

కత్తెర తెచ్చాను. గుడ్డ తప్ప ఇంకేదీ ముట్టనివ్వని నా పెద్ద కత్తెర! రెండు రోజులు కుట్టింది రెండు నిమిషాల్లో కోసి పారేశాను. అప్పుడే సముద్రం గాలి తిరిగింది. ఎంత పుణ్యం చేసుకున్నానో! కొబ్బరాకులు గలగలలాడాయి. మేక లేవలేదు గానీ ముక్కు తూర్పుకు తిప్పింది. చెవులు కదిలాయి. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. అవ్వ మాత్రం నవ్వలేదు.

"నా రెండో కన్ను కథ ఈడికి ముగిసె" అని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ స్కూటర్ మీద వచ్చి సూది వేసింది, తీపి మందు పట్టించింది. కడుపులో రెండు పిల్లలు ఉన్నాయంది. అవి అడిగినంత తల్లి తినలేకపోతే, తల్లి ఒంట్లో కొవ్వు కరిగిపోయి విషమవుతుందట, ఆ పండు వాసన అదేనట. మధ్యాహ్నం మోపెడు ఎండుమేత ఎవరు వేయమన్నారని గద్దించింది. ఎండుమేత అరిగేటప్పుడు కడుపులో పొయ్యి రాజేసినట్టు వేడి పుడుతుందట. బయట ఎండ, లోపల పొయ్యి, అందుకే మేక తినడం మానేసిందట. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు, మళ్ళీ సాయంత్రం ఎండుమేత. పగలు కొంచెం కొంచెంగా పచ్చాకు. అంటే అవ్వ చెప్పిన అవిశాకు కట్టే!

ఇక నేను జాకెట్లకు సెలవిచ్చేశాను. కోడి కూయకముందే అవిశాకు, సూబాబుల్ కొమ్మలు. నాలుగు ఆకులు తింటే నాకు నాలుగు లోకాలు. మూడో రోజు తనంతట తానే లేచి నిలబడింది. ఐదో రోజు దవడ పక్కకు ఆడింది. నెమరు! "అవ్వా, నెమరేస్తోంది, నిజంగానే వేస్తోంది!" అని వీధంతా వినబడేలా అరిచాను. పైన కిటికీ రెక్క మూసుకుంది. నా మాట మీద ఆమెకు నమ్మకం పోయింది, ఎందుకు ఉంటుంది?

పది రోజులకు, సరిగ్గా గాలి తిరిగే వేళకు, మేక కాళ్ళతో చెక్కలు గీకడం మొదలెట్టింది. నేను కిటికీ కిందికి పరిగెత్తి, "అవ్వా, ఈనేలా ఉంది! నాకేం తెలియదు, మా తాతకే తెలుసు, నేను అబద్ధం చెప్పినా!" అన్నాను. ఆమె దిగి వచ్చింది. పది అడుగుల దూరంలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, నల్లద్దాల్లోంచి యుద్ధం నడిపించింది.

"కాళ్ళొచ్చినాయా?"

"రెండు కాళ్ళు, మీద ముక్కు!"

"లాగబాక! అది నొప్పి పడినప్పుడు మాత్రం, కిందికి, మెల్లింగా!"

జారి నా ఒళ్ళో పడింది! వెచ్చగా, జిగటగా, తల్లి చెవులతో. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియలేదు. రెండోది కదల్లేదు. అవ్వ కుర్చీలోంచి లేచింది. "ముక్కు తుడువు! గడ్డిపోచ పెట్టి ముక్కులో కదిలించు! ఒళ్ళంతా గట్టింగా రుద్దు!" రుద్దాను. నా చీర కొంగుతోనే రుద్దాను. తుమ్మింది. అబ్బ, ఆ తుమ్ము! ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. తల్లి రెంటినీ నాకడం మొదలుపెట్టింది. అవ్వ కొంగు దులుపుకుని పైకి వెళ్ళింది.

నల్లద్దాలు తీసేయొచ్చని డాక్టర్లు చెప్పిన రోజు అవ్వ దొడ్డిలోకి వచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత తన మేకను తేటగా చూడడం అదే మొదలు. పిల్లలు రెండూ ఆమె కాళ్ళ మధ్య గెంతుతున్నాయి. ఆమె వాటిని చూడలేదు. మేక వెన్ను వైపే చూసింది.

"ఎముకలు ఎంచొచ్చే" అంది.

నేను మేక పక్కకు చేరాను.

"టేపు పెట్టు."

పెట్టాను. "ముప్పై ఒకటి."

"ముందెంత ఉండె? ఆ పుస్తకం తే."

తెచ్చి ఆ పేజీ తెరిచిచ్చాను. చదివి వినిపించబోతే చెయ్యి అడ్డం పెట్టింది. కొత్త కంటి దగ్గరకు పుస్తకం తీసుకుని, వేలు పెట్టి, తనే చదివింది. "ముప్పై రెండు. ముప్పై ఒకటిన్నర." వేలు కింది వరుసకు దిగి ఆగింది. "ముప్పైన్నర. బాగుండాదవ్వా అని కిటికీ కింద అరిస్తివే, ఆ దినమా ఇది?"

"ఆ రోజే."

"అరిచింది ఒకటి, రాసింది ఒకటా?"

"కొలత తప్పు రాయడం నాకు రాదవ్వా."

పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది. ఒక పిల్లను ఎత్తి చంకలో పెట్టుకుని, మెట్ల దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

"ఒచ్చే నెల రెండో కన్ను. కూతురికి చెప్పేసినా. మళ్ళా నువ్వే చూసుకోవాల. కిటికీ కింద నిలబడి బాగుండాది గీగుండాది అని చెప్పబాక. నెంబరు చెప్పు, చాలు."