ఖాళీగా వదలాల్సిన గడి

మత్తుమందిచ్చే డాక్టరు, మేమంతా మత్తు మేడమ్ అని పిలిచే ఆవిడ, చనిపోయారని నాకు శ్రీకాకుళంలో మా ఆస్పత్రి థియేటర్ బయట, ఆపరేషన్‌కు వచ్చిన పిల్లాడి చేతికి పేరు పట్టీ కడుతుండగా తెలిసింది. "ఇంక మేడమ్ రారు పిల్లా. తెల్లారగట్ల గుండె ఆగిపోనాదంట" అని చెప్పి, నర్సమ్మ థియేటర్‌లోకి వెళ్ళి, మత్తుయంత్రం పక్కనున్న ఆవిడ స్టూలును గోడవారకు జరిపింది. పని ఆగలేదు. మరో డాక్టరు వచ్చి మాస్కు పెట్టారు. పిల్లాడు చాలాసేపు గింజుకున్నాడు.

ఆవిడ ఉంటే అలా జరిగేది కాదు. మాస్కు అంచుకు పనసపండు ఎసెన్సు ఒక చుక్క రాసి, "ఎవుల తోటలోదిరా ఈ పండు? వాసన సూసి సెప్పు" అనేవారు. పనసతోటల ఉద్దానం నుంచి వచ్చే పిల్లలు గట్టిగా పీల్చి, ఆలోచిస్తూ ఆలోచిస్తూనే నిద్రపోయేవారు. జవాబు చెప్పినవాణ్ణి నేను చూడలేదు.

నేను మత్తుమందు టెక్నీషియన్ కోర్సు చదువుతున్నాను. మా దగ్గర పిల్లలకు పీల్చే మత్తు రెండు రకాలు వాడతారు. పాతది హేలోథేన్. దాంతో నిద్రా నెమ్మదే, మెలకువా నెమ్మదే. గుండె లయ మీద కన్నేసి ఉంచాలి. కొత్తది సెవోఫ్లూరేన్. త్వరగా నిద్రపడుతుంది, త్వరగా మెలకువ వస్తుంది. కానీ కొందరు పిల్లలు కళ్ళు తెరిచి కూడా తల్లిని పోల్చుకోలేక కొడతారు, కరుస్తారు. ఏ మందుతో మన పిల్లలు ఎలా లేస్తున్నారో తేల్చాలని మేడమ్ గడులు గీసిన ఒక పొడుగాటి నోటుబుక్కు పెట్టారు. లేచిన పిల్లల పక్కన అరగంట నిలబడి, చూసింది రాయడం నా పని.

మొదటిరోజు "ఏడ్చాడు" అని రాశాను. ఆవిడ చదివి, "ఏడుపంతా ఒకటేనేటే? ఆకలికి ఏడిసినట్టే బెదిరి ఏడుస్తారేటి?" అన్నారు. అప్పట్నుంచి మాటలు వెతుక్కున్నాను. మారాం, వెక్కిళ్ళు, గుక్కపట్టడం, బెదురుచూపు. సరైన మాట దొరికిన రోజు నాకు ఆకలే తెలిసేది కాదు, అంత సంబరం. మాటల మీద ఇష్టం నాకు ఆ వార్డులోనే పుట్టింది.

మా పెద్ద డాక్టరుగారు ఆ నోటుబుక్కు చూసి నవ్వారు. ఇవన్నీ పెద్ద ఊళ్ళలో ఎప్పుడో తేలిపోయాయి కదా అన్నారు. "ఆలు ఆల పిల్లల్ని సూసి రాసుకున్నారు. మనోల్లని మనం సూడొద్దేటి?" అన్నారు మేడమ్. సంతాపసభలో అదే పెద్దాయన ఆవిణ్ణి గొప్ప పరిశోధకురాలన్నారు. నోటుబుక్కు ఏమైందని మాత్రం అడగలేదు.

ఆయన్ని తిట్టుకునే హక్కు నాకు లేదు. ఒక మధ్యాహ్నం ఆకలేసి క్యాంటీనుకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి, సెవోఫ్లూరేన్ తీసుకున్న పాప తల్లి ఒళ్ళో పడుకుని ఉంది. "ప్రశాంతంగా లేచింది" అని రాశాను. ఎంత చక్కటి మాటో అని మురిసిపోయాను కూడా. సాయంత్రం ఆ తల్లి మోచేతి మీద పళ్ళగాట్లు కనబడ్డాయి. అయినా దిద్దలేదు. "సూడనిది రాయకు. ఖాళీ గడి అబద్ధం ఆడదు" అని ఆవిడ మొదటిరోజే చెప్పారు. ఆ పేజీ కింద నన్ను నమ్మి సంతకం పెట్టారు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఆవిడ ఉన్నన్ని రోజులూ గడిపేశాను.

సభ అయ్యాక నర్సమ్మ నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ వరుస కొట్టేసి "చూడలేదు" అని రాశాను. దాంతో ఏదీ బాగుపడలేదు. కింద ఆవిడ సంతకం అలాగే ఉంది. ఆవిడ తేల్చాలనుకున్నది సగంలోనే ఉంది.

మొన్న ఉద్దానంలోని కంచిలి వైపు నుంచి ఒక పిల్లాణ్ణి తెచ్చారు. డాక్టరుగారిని అడిగి, మాస్కుకు పనస ఎసెన్సు చుక్క నేనే రాశాను, పండు ఎవరి తోటలోదని నేనే అడిగాను. లేచాక వాడు తల్లిని తన్ని, "ఎవులు నువ్వు" అని అరిచాడు. ఆ తల్లి బిత్తరపోయి, "నన్నే పోల్సలేదమ్మా" అంది. కాసేపట్లో తగ్గిపోతుందని చెప్పి పక్కనే నిలబడ్డాను. ఆ అరగంటా ఎక్కడికీ కదల్లేదు. చివరికి వాడు తల్లి మెడ పట్టుకుని, నా వైపు తిరిగి, నీరసంగా అన్నాడు.

"మా మావ తోటలోది."

నేను తెరిచిన తలుపులోంచి, థియేటర్‌లో గోడవారనున్న మేడమ్ స్టూలు వైపు చూశాను.