జగ్గయ్యగారి అరికాళ్ళు

మామిడికుదురు పక్కన ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళో అమ్మవారి జాతరంటే జగ్గయ్యగారే. చిన్న కొబ్బరితోట, ఒక పాడిగేదె ఉన్న మామూలు రైతాయన. జాతరనాడు మాత్రం నిప్పుల గుండంలో మొదటి అడుగు ఆయనదే. తక్కినవాళ్ళు ఆయన అవతలికి చేరాక దిగి, గబగబా నాలుగంగల్లో దాటేస్తారు. ఆయన మాత్రం తోటలో కాయలు చూసుకుంటున్నట్టు నింపాదిగా నడుస్తారు. పరుగెత్తేవాడికి నమ్మకం లేదని ఆయన సిద్ధాంతం. మర్నాటికి అరికాళ్ళు బొబ్బలెక్కేవి. నొప్పి మాత్రం ఉండేది కాదు. అది అమ్మ దయేనని ఆయన అనుకున్నారు, ఊరూ అనుకుంది. తల్లులు పసిపిల్లల్ని తెచ్చి ఆయన పాదాల మీద పడుకోబెట్టేవారు. ఆయన నోటితో వద్దనేవారే గానీ, కాళ్ళు వెనక్కి తీసుకున్నది ఎప్పుడూ లేదు.

కిందటేడు కోడలు సత్యవేణి కలశం నెత్తిన పెట్టుకుని ఆయన వెనకే గుండంలో దిగింది. ముందు నడిచేవాణ్ణి దాటిపోకూడదన్నది అక్కడి ఆచారం. ఆయన నింపాదిగా వెళుతుంటే, పాపం ఆ పిల్ల నిప్పుల మీద నిలబడాల్సి వచ్చింది. సగం దూరంలో కేక పెట్టి పక్కకి దూకేసింది. కలశం దొర్లిపోయింది. అది ఊరికి అరిష్టమని అందరూ బిక్కచచ్చిపోయి, గుండం దాటి నిలబడ్డ జగ్గయ్యగారి మొహంలోకి చూశారు.

"శుద్ధి లేకుండా దిగితే అంతేనండి," అన్నారాయన.

ఆ ఒక్క మాట చాలు. ఆయన భార్య భవానీదేవి ఆ రోజు నుంచి కోడల్ని అమ్మవారి నైవేద్యం గిన్నె ముట్టుకోనివ్వలేదు. పేరంటాల్లో ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. తాటిపాకలో ఉద్యోగం చేసే కొడుకు కిషోర్ తండ్రి మాటకి ఎదురు చెప్పే రకం కాదు. సత్యవేణి కాలిన పాదాలకి వెన్న రాసుకుని మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

ఈ ఏడు మళ్ళీ జాతర దగ్గరపడింది. కొన్నాళ్ళుగా జగ్గయ్యగారి చెప్పులు దారిలో ఎక్కడో జారిపోతున్నాయి. ఒంటి చెప్పుతో ఇంటికొస్తే, భక్తి ముదిరిపోయిందని భవానీదేవి వేళాకోళం చేసేది. ఒక పొద్దున్న సత్యవేణి అప్పుడే కడిగిన వసారాలో నెత్తుటి అడుగులు కనిపించాయి. వాటి వెంటే వెళితే పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్న మామగారు దొరికారు.

"మావయ్యగారూ, ఒకసారి కాలు చూపించండి."

అరికాల్లో తుప్పుపట్టిన మేకు తలదాకా దిగి ఉంది. అది ఎప్పుడు దిగిందో ఆయనకి తెలియదు. సత్యవేణి ఇంకేమీ అడక్కుండా ఆటో పిలిచి ఆయన్ని అమలాపురం తీసుకెళ్ళింది.

నరాల డాక్టరు శ్యామ్ బాబు మేకు తీయించి, కట్టు కట్టించి, రక్తం పరీక్షకి పంపి, ఇంకో పరీక్ష చేస్తానని కళ్ళు మూసుకోమన్నారు.

"ఈ బిరుసు నైలాన్ దారంతో అక్కడక్కడా పొడుస్తానండి. తగిలినప్పుడల్లా చెప్పండి."

జగ్గయ్యగారు చెప్పడానికి సిద్ధంగా కూచున్నారు. చాలాసేపే కూచున్నారు.

"ఇంక మొదలెట్టండి బాబూ," అన్నారు చివరికి.

"అయిపోయిందండి."

రక్తపరీక్ష కాగితం వచ్చాక డాక్టరు నెమ్మదిగా చెప్పుకొచ్చారు. "అరికాలికి ఏది తగిలినా ఆ కబురు నరాలు వెన్నుపాము దాకా మోసుకెళ్తాయండి. అక్కణ్ణించి మెదడుకి చేరితే మనకి నొప్పి తెలుస్తుంది. నిప్పులాంటిది తగిలితే అంతదాకా ఆగదు. వెన్నుపామే కాలు లాగెయ్యమని కండకి చెప్పేస్తుంది. కాలిందని మనకి తెలిసేలోపే కాలు లేచిపోతుంది. మీకు తెలీకుండానే షుగరు ఏళ్ళ తరబడి ఉండి నరాల్ని తినేసింది. పాదాల దాకా వెళ్ళేవి ఒంట్లోకెల్లా పొడుగు నరాలు. ముందు అవే పాడవుతాయి. మీ తోటలో మోటారుకెళ్ళే వైరు కాలిపోయిందనుకోండి, మోటారు బాగున్నా తిరగదు కదా."

"మరి, నిప్పుల మీద కాలు లాక్కున్నవాళ్ళ సంగతేంటండి?" అని అడిగారు జగ్గయ్యగారు.

"వాళ్ళ నరాలు బాగున్నట్టండి. ఎంత భక్తి ఉన్నా కాలు ఆగదు. ఆగకూడదు కూడా."

గుమ్మం దగ్గర సత్యవేణి ఆయన చెప్పులు పట్టుకుని నిలబడి ఉంది. అంతా వింది. ఆయన వైపు మాత్రం చూడలేదు. జగ్గయ్యగారికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ జబ్బుని మహిమనుకుని మురిసిపోయి, ఆరోగ్యంగా ఉన్న పిల్లకి శుద్ధి లేదని ముద్ర వేశారు. తిరిగి వస్తూ ఆటోలో ఆమెకి ఏదో చెప్పబోయి, కొబ్బరికాయల ధర గురించి మాట్లాడారు.

జాతరనాడు కట్టు కట్టిన కాలితోనే గుండం దగ్గరికి వెళ్ళారు. డప్పులు ఆపించారు.

"నేను దిగనండి. నా అరికాళ్ళకి స్పర్శ లేదు. షుగరు జబ్బండి. నాకు నొప్పి తెలీకపోవడం అమ్మ మహిమ కాదు. మా కోడలికి కాలిందంటే నా నడక వల్ల కాలింది. ఆవిడలో ఏ దోషమూ లేదండి. ఆ మాట అన్న నోరు నాది."

అప్పుడు జాతర పెద్ద వీరన్న కళ్ళు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు.

"చూసేరా అండీ, ఎంత పెద్ద మనసో. కోడలి దోషం తన నెత్తినేసుకుంటున్నారు."

అంతే, ఆడా మగా ఆయన కాళ్ళ మీద పడ్డారు. ఆ కట్టునే కళ్ళకద్దుకున్నారు. కాదండి, నిజమండి అని జగ్గయ్యగారు ఎంత మొత్తుకున్నా వినే నాథుడు లేడు. జనం వెనక, దూరంగా నిలబడి చూస్తున్న సత్యవేణి ఇంటిదారి పట్టింది. ఆయన జనాన్ని విడిపించుకుని కుంటుకుంటూ వచ్చేసరికి, పెరట్లో గేదెకి మేత వేస్తోంది.

"చెప్పేనమ్మా. ఎవరూ నమ్మలేదు," అన్నారు.

"విన్నానండి. ఊరికి చెప్పేరు. నాకు చెప్పలేదండి, మావయ్యగారూ."

ఆయన చేతులు జోడించబోయారు. ఆమె వద్దని తల అడ్డంగా ఊపి, మేత మోపు కింద పెట్టి, ఎదురుగా నిలబడింది. జగ్గయ్యగారు తల ఎత్తలేకపోయారు.

"నీ తప్పేం లేదమ్మా. నిన్ను అన్యాయంగా అన్నాను," అన్నారు, నేలకి చెప్పినట్టు.

సత్యవేణి తల ఊపి "ఆయ్" అంది. పరవాలేదండి అని మాత్రం అనలేదు.