నాచ్చియార్ కొంగు, నాయుడి భేష్

అప్పసామి నాయుడికి సంగీతం రాదంటే ఊరు ఊరంతా కొట్టడానికి వచ్చేది. తిరుప్పూరు పక్కన ఆ పల్లెలో, పెరుమాళ్ ఉత్సవానికి ముందు పీట తాతల నాటినుంచీ వాళ్ల ఇంటిదే. నాదస్వర విద్వాంసుడు రాగం ఎంత సాగదీసినా, ఆ పీట మీదివాడు “భేష్” అన్నాకే ముగించాలి. అప్పసామి సరిగ్గా అనవలసిన చోటే అనేవాడు. ఎట్లా అంటారా? ఎదురుగా ఆడవాళ్లలో కూర్చున్న భార్య నాచ్చియార్ కొంగు సర్దుకుంటే చాలు, ఈయన నోట భేష్ ఊడిపడేది. చెవులు ఆమెవి, పేరు ఈయనది!

కుంఫిణీ తాసిల్దారు వస్తున్నాడని ఆ ఏడు ఆడవాళ్లకు అడ్డంగా తడిక కట్టారు. ఇక అప్పసామికి ముద్ద దిగితే ఒట్టు. భేష్ తప్పితే పీట దాయాది కృష్ణస్వామికి పోతుంది. వాడు ఎప్పటినుంచో దానిమీద కన్నేసి ఉన్నాడు.

“ఏమే, నా పరువు పోయె గదే! కొంజం నేర్పించే.”

“ఇన్నాళ్లు చెవుల్లో ఏం పెట్టుకోనుంటిరి?” అంటూ నాచ్చియార్ ఆయన్ని కపిల బావి దగ్గరికి లాక్కుపోయింది. అక్కడ పాలేరు ఎడ్లను తోలుతూ తోలుసంచితో నీళ్లు తోడుతున్నాడు. “కండ్లు మూసుకోండి. సంచి యాడుంది?”

“ఇప్పుడే మునిగె. నిండె. మోకు కిర్రుమంటా ఉంది, పైకొస్తా ఉంది. ఆ, పోసె!”

“చూడకనే ఎట్ల తెలిసె?”

“ఇది తెలీదా! చప్పుడు మారుతాది గదే.”

“రాగమూ అంతే. కింద మునుగుతాది, నిండుతాది, మెల్లంగ పైకొస్తాది. పైన కొంజం నిలుస్తాది. అప్పురం పోస్తాది. పోసినాక భేష్ అనండి. నడుమ నోరు తెరిస్తిరో, చూసుకోండి!”

ఉత్సవం రోజు, ఏటా వచ్చే మదురై చొక్కలింగమే నాదస్వరం ఎత్తాడు. అప్పసామి కళ్లు మూసుకున్నాడు. మొదట సంచి ఎక్కడుందో దొరకలేదు. కాసేపటికి, ఔరా, కింది స్వరాల్లో మునగడం వినిపించింది! ఇన్నేళ్లూ ఒకటే రొద అనుకున్నదానిలో ఇన్ని మలుపులా? ఇదుగో నిండుతోంది, ఇదుగో లేస్తోంది. పైన స్వరం నిలిచింది. అప్పసామి ఊపిరీ దాంతోపాటే నిలిచింది.

“భేష్!” అరిచాడు కృష్ణస్వామి.

“ఉండరా! ఇంకా పొయ్యలేదు!” కళ్లు తెరవకుండానే కసిరాడు అప్పసామి.

తాసిల్దారు బిత్తరపోయాడు. చొక్కలింగం కళ్లు మాత్రం మెరిశాయి. పైనే ఇంకో రెండు సుడులు తిప్పి, రాగాన్ని ధారగా కిందికి దించి వదిలాడు. అందరూ పీట వైపు చూశారు. ఇప్పుడే అనాలని అప్పసామికి తెలుసు. కానీ ఇంత సొగసు పక్కనే కూర్చుని కొంగు చూస్తూ గడిపానే అని ఏడుపొచ్చేసింది.

“భేష్!” తడిక వెనకనుంచి నాచ్చియార్ గొంతు.

కృష్ణస్వామి లేచి నిలబడ్డాడు. “వింటిరా? భేష్ అనింది ఆడకూతురు! పీట ఇంక ఎవురిది?”

చొక్కలింగం అతనివైపు చూడనైనా లేదు. నాదస్వరం దించి, పీటకు చేతులు జోడించి, తనకు వచ్చిన తెలుగులో అన్నాడు:

“సామీ, ఇన్నేళ్లు నేనూ అమ్మ కొంగు చూసే వాయిస్తిని. ఈ పొద్దే మీకు వాయిస్తిని.”