ఆరో వేలికి చోటు

పక్కింటి దొడ్డమ్మగారు పోయారని పోయిన నెలలో ఫోనొస్తే నేను నమ్మలేదు. తప్పు నాదే. మా ఊళ్ళో ఇలాంటి కబుర్లు పుట్టించేవాణ్ణి నేను. బతికున్న మా మేనమామ ఇంటికి పూలదండ పంపించిన ఘనత నాది. తాటిపాక సెంటర్లో ఓ కొట్టుకి బోర్డు రాస్తూ, "నా దగ్గర నేర్చుకున్న విద్య నా మీదేనట్రా" అన్నాను ఫోనులో. అవతల మా తమ్ముడు "సాయంత్రం తీసేస్తారు, వచ్చెయ్" అని పెట్టేశాడు. వాడు నన్ను తిట్టకుండా పెట్టేశాడంటే నిజమేనన్నమాట. సగం రాసిన అక్షరం బోర్డు మీదే వదిలేసి బయల్దేరాను.

బోర్డులు రాస్తానంటే పండితుణ్ణి అనుకునేరు. తొమ్మిదో తరగతితో చదువుకి దండం పెట్టాను. మా ఊరి బస్సు షెల్టర్లో ఒకాయన తండ్రి పేరున బల్ల వేయిస్తే, దాని మీద "గ్యాపకార్థం" అని రాసింది నేనే. అది ఇప్పటికీ అలాగే ఉంది. జనం దాని మీద కూర్చుంటారు గనక సగం రోజు కనపడదు.

దొడ్డమ్మగారు మాకు చుట్టం కాదు. కువైట్‌లో ఓ ఇంట్లో పదమూడేళ్ళు వంట చేసి తిరిగొచ్చారు. ఆవిడ పెట్టె తెరిచిన రోజు వీధంతా మూగింది. సెంటు సీసాలు, దుప్పట్లు వస్తాయని చూస్తుంటే నాలుగు జతల పాత ఆటబూట్లు వచ్చాయి. ఆ ఇంటి కొడుక్కి పాతకాలం బూట్లు పోగేసి బాగుచేసుకునే పిచ్చి ఉండేదట. వంటయ్యాక పక్కన కూర్చుని చూసి చూసి ఈవిడా నేర్చుకున్నారు. వచ్చేసేటప్పుడు అతను ఇచ్చినవే ఆ నాలుగు జతలు.

"దొడ్డమ్మగారండీ, బంగారం వాటి అడుగున దాచి తెచ్చేరాండీ?" అన్నాను అందరి ముందూ.

"ఆయ్. నీ నాలిక్కి తాపడం చేయిద్దామని" అన్నారు.

ఆ రోజునుంచీ నేను ఆ అరుగు వదల్లేదు.

ఊడిన అడుగుని జిగురుతో అంటించి, సైకిలు ట్యూబు ముక్కలతో బిగించి కట్టేవారు, విరిగిన చేతికి కట్టు కట్టినట్టు. మురికి వదలడానికి పళ్ళ బ్రష్షూ, కుంకుడు నురగా. తెల్లటి అడుగులు ఏళ్ళు గడిస్తే పచ్చబడిపోతాయి. "కామెర్లొచ్చేయిరా దీనికి" అని, జుట్టు రంగు తేల్చే క్రీము పట్టించి, పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, డాబా మీద వడియాల పక్కన ఎండలో పెట్టేవారు. మాటిమాటికీ తిప్పుతుండాలి, లేకపోతే చారలు పడతాయి. ఎవరో ఫోటోలు తీసి ఫోన్లలో తిప్పాక, హైదరాబాదు నుంచీ విశాఖ నుంచీ పార్శిళ్ళు రావడం మొదలైంది. డబ్బా తీయకుండా ఏళ్ళ తరబడి దాచుకున్న జత ఒకటొచ్చింది. వేలితో నొక్కితే అడుగు బెల్లం పొడిలా రాలింది.

"చూసేవా? దాచినవి పొడైపోతాయి. తొడిగినవే నిలుస్తాయి" అన్నారు.

ఆవిడకి ఇంకో అలవాటుండేది. వచ్చినవాళ్ళు లోపల కాఫీ తాగుతుంటే బయటికొచ్చి, గుమ్మం వైపు విడిచిన వాళ్ళ చెప్పుల్ని వీధి వైపు తిప్పి, జతగా సర్దిపెట్టేవారు. వెళ్ళేవాళ్ళు సులువుగా కాళ్ళు దూర్చుకుని పోవచ్చు.

"తొందరగా పొమ్మనాండీ?" అని అడిగాను ఓసారి.

"మళ్ళీ రావాలంటే ముందు వెళ్ళాలి కదరా."

ఆవిడ లోపలికెళ్ళాక నేను ఒకరి ఎడమ చెప్పూ ఇంకొకరి ఎడమ చెప్పూ మార్చేసేవాణ్ణి. అది వేరే సంగతి.

ఇక నా నేరం. మురమళ్ళ గుడికి వెళ్ళి వస్తుంటే, చెప్పులు విడిచేచోట గోడవార ఓ పాత బూట్ల జత కనపడింది. ఎవరో శని వదలాలని వదిలేసి పోయినవే. తొడిగి చూశాను. నా ఎడమకాలికి ఆరు వేళ్ళు. కుడిది ఎక్కింది, ఎడమది ఆరో వేలి దగ్గర ఆగిపోయింది. సరే, వీటితో దొడ్డమ్మగారిని ఆడిద్దామనిపించింది. డబ్బాలో పెట్టి, పైన ఉత్తరం రాశాను: "ఇవి మా నాన్నగారి గ్యాపకం. బాగుచేసి ఉంచండి. వచ్చి తీసుకుంటాను. ఇట్లు, హైదరాబాదు నుంచి ఒక కొడుకు." కొరియర్ వాళ్ళు మా ఇంట్లో ఇచ్చిపోయారని చెప్పి పట్టుకెళ్ళి ఇచ్చాను.

ఉత్తరం రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి పైటచెంగుతో తుడుచుకున్నారు. "తండ్రి జ్ఞాపకంరా. ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యాలి" అన్నారు.

నెల పట్టింది. లోలోపల నవ్వుకుందామని రోజూ వెళ్ళేవాణ్ణి. నాలుగో రోజుకి నవ్వు పోయింది, ఆవిడ కుడుతుంటే బూటు కదలకుండా పట్టుకోవడం మిగిలింది. ఓ వానరోజు అరుగు మీద నా తడికాలి గుర్తు పడితే, దాని పక్కన జానపెట్టి చూసుకున్నారు.

"ఏవిటండీ అది?"

"ఆరుగురు అన్నదమ్ములూ కలిసే ఉన్నారో లేదోనని."

పనయ్యాక ఆ జత అలమారెక్కింది. బిగుసుకుపోకుండా వారానికోసారి దించి, అటూ ఇటూ వంచి పెట్టేవారు. "ఆ హైదరాబాదాయన ఇంకా రాలేదేరా?" అనేవారు. "వస్తాడండి" అనేవాణ్ణి. ఇలా మూడేళ్ళు. నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు నోరు తెరిచానో. ఊళ్ళో ఎవర్నేనా ఏదేనా అనగల నోరు అక్కడికొచ్చేసరికి వానల సంగతి ఎత్తుకునేది. ఆవిడ పనినే ఎగతాళి చేశానని తెలిస్తే, ఆ అరుగు మీద నాకింక చోటుండదని భయం.

ఆవిడ మంచం పట్టాక గట్టిగా నిశ్చయించుకుని వెళ్ళాను.

"దొడ్డమ్మగారండీ, ఆ హైదరాబాదాయన..."

"ఆయ్. చెప్పు."

"రేపో ఎల్లుండో వస్తాడండి."

"వస్తాడ్లే" అని కళ్ళు మూసుకున్నారు.

పదకొండో రోజున ఆవిడ చెల్లెలు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇది మీదేనంటండి. అడిగితే ఇద్దామని చూసింది అక్క. ఆడు మొండోడు, అడగడు, నేను పోయేకేనా ఇచ్చెయ్యి అంది."

లోపల బూట్లు, వాటి మీద నా ఉత్తరం. "గ్యాపకం" చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా. పక్కన గుండ్రటి అక్షరాలతో "జ్ఞాపకం" అని మూడుసార్లు, పలక మీద దిద్దించినట్టు. కింద ఒక ముక్క: "ఎడమది ఆరో వేలికి సాగదీశాను. దాచకు."

డబ్బా ఇచ్చిన రోజే తెలుసు ఆవిడకి. ఆనాడు కళ్ళజోడు తుడుచుకున్నది ఏడుపొచ్చి కాదు, నవ్వొచ్చి. ఊరందరినీ ఆడించే నన్ను మూడేళ్ళు ఆడించారు. పైగా అరుగు మీద చోటిచ్చి మరీ.

అక్కడే తొడిగాను. ఎడమది మెత్తగా ఎక్కింది, ఆరో వేలితో సహా. పుట్టి బుద్ధెరిగాక రెండు కాళ్ళకీ బూట్లు ఎక్కడం అదే మొదలు. కాలవగట్టు చివరిదాకా నడిచి, తిరిగొచ్చి ఆవిడ గుమ్మం ముందే విడిచి, లోపల వాళ్ళతో కాసేపు కూర్చున్నాను. ఎవరో కాఫీ ఇచ్చారు, తాగాను.

బయటికొచ్చి చూస్తే బూట్లు నేను విడిచినట్టే ఉన్నాయి, ఒకటి కాస్త పక్కకి ఒరిగి, ముక్కులు ఇంటివైపే పెట్టుకుని.